ప్రత్యేక తరగతి

సరుగుడు పుల్లల మోపు నెత్తిన పెట్టుకొని హెబ్రోను బడి ఆవరణలోకి వచ్చేసరికి ప్రార్థన అయిపోయింది. పిల్లలు వరుసల్లో నిలబడి ఉన్నారు. హెడ్మాస్టరు నరసయ్య అరుగు మీద నిలబడి, కళ్ళజోడు ముక్కు కొసకు జార్చి, కాగితంలో పేర్లు చదువుతున్నాడు. ఎనిమిదో తరగతి సర్కారు పరీక్షకు పంపే పేర్లు. ఆ పరీక్ష ప్యాసైతే నర్సు ట్రైనింగుకు పోవచ్చు, టీచరు ట్రైనింగుకు పోవచ్చు. ప్యాసు కాని వాళ్ళకు రాళ్ళకండ్రిగలో అభ్రకం గనులు ఎలాగూ ఉన్నాయి.

హెబ్రోను మోపు దించలేదు. కూతురి పేరు చెవిన పడ్డాకే దించుదామనుకున్నాడు. మెడ నరాలు లాగుతున్నా నవ్వుమొహంతోనే నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు... పదకొండు పేర్లు చదివి నరసయ్య కాగితం మడిచాడు.

"అయివారూ, నా పేరు రాలేదు."

చివరి వరుసలోంచి వచ్చిందా మాట. ఆ వరుస బర్మా పిల్లలది. మాట్లాడింది హెబ్రోను కూతురు కరుణాకుమారి. పద్నాలుగేళ్ళది. తల్లి పోలిక, చిన్న కళ్ళు, అణిగిన ముక్కు. ఎనిమిదో తరగతి కుర్రాళ్ళు తెగని లెక్కలు పలకల మీద రాసి గోడ చాటుగా ఆ పిల్లకే పంపుతారన్న సంగతి బడిలో నరసయ్యకు తప్ప అందరికీ తెలుసు. నరసయ్యకూ తెలుసేమో.

"నువ్వు ఏ తరగతే?"

"రంగూన్‌లో ఆరు ప్యాసై వచ్చినాను అయివారూ. ఈడికొచ్చి రెండేళ్ళయింది. ఆరూ రెండూ ఎనిమిది."

"లెక్కలు నాకు చెప్తావా? నువ్వు ప్రత్యేక తరగతి. ప్రత్యేక తరగతికి పరీక్ష లేదు. ఇటు రా. చెయ్యి చాపు."

కరుణ ముందుకు వచ్చి చెయ్యి చాపింది. నరసయ్య ఆ చేతిని బెత్తంతో పైకెత్తి అందరికీ చూపించాడు. వేళ్ళ కొసల నిండా సన్నటి కోతలు. ఆ కోతల్లో అభ్రకం పొడి ఎండకు తళుక్కుమంటోంది.

"చూడండిరా. కలం పట్టే వేళ్ళా ఇవి? దేవుడు ఒక్కొక్కళ్ళకు ఒక్కొక్కచోట పెట్టాడు తెలివి. చప్పిడి ముక్కు వాళ్ళకు బుర్రలో పెట్టలేదు, వేళ్ళలో పెట్టాడు."

ముందు వరుసల్లో రైతుల పిల్లలు నవ్వారు. కరుణ ఏడవలేదు. చెయ్యి వెనక్కు తీసుకొని, మళ్ళీ తన వరుసలోకి పోయి నిలబడింది.

"అయ్యా..." అన్నాడు హెబ్రోను.

"ఏమిరా హెబ్రోనూ, ఇంకా నిలబడ్డావు? పుల్లలు వంటింటి వెనక వేసి పో."

చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, హెబ్రోను పోయాడు. రెండేళ్ళ అలవాటు. నోరు ఏదో అనబోతుండగానే కాళ్ళు వంటింటి వైపు నడిచాయి. మోపు దించి, పుల్లలు వరసగా పేర్చి, అప్పుడు గోడ పక్కన కూలబడ్డాడు.

ఆ పుల్లల కథ చెప్పాలి. అది చెప్పకపోతే ఈ మనిషి ఎందుకలా కూలబడ్డాడో తెలియదు.

హెబ్రోను తాత కరువులో నెల్లూరు సీమ వదిలి బర్మాకు కూలికి పోయాడు. హెబ్రోను అక్కడే పుట్టాడు, రంగూన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశాడు, మా సీన్ అనే బర్మా పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. అరవై నాలుగులో అక్కడి ప్రభుత్వం మీ దేశం మీరు పొండి అంది. ఓడ కాగితాల్లో మా సీన్ పేరు ఎక్కలేదు. రేవు కంచె అవతల నిలబడి ఆమె ఏదో అరిచింది గానీ ఓడ కూతలో వినపడలేదు. ఏమని అరిచిందోనని హెబ్రోను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాడు. అక్కడ వీళ్ళను 'కలా' అని వెక్కిరించేవాళ్ళు, అంటే నల్లోళ్ళని. ఇక్కడ గూడూరు స్టేషన్లో రైలు దిగిన దగ్గర్నుంచీ 'బర్మావోళ్ళు' అన్నారు. నలభై కుటుంబాలను రాళ్ళకండ్రిగ గనుల పక్కన పాకలు వేసి దింపారు.

వచ్చిన నెలలోనే నరసయ్య కాలనీకి వచ్చాడు. పిల్లలకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ప్రత్యేక తరగతి అన్నాడు. పొద్దున రెండు గంటలు చదువు, ఆపైన సాయంత్రం దాకా చేతిపని. ఇది బేసిక్ బడి, చేతిపని లేనిదే చదువు లేదన్నాడు. చేతిపని బడిలో కాదు, కాంట్రాక్టరు గంగులయ్య షెడ్డులో. గంగులయ్య బడి కమిటీకి ప్రెసిడెంటు కూడా. కాకిబంగారం, అంటే అభ్రకం, దిమ్మెలను చిన్న కత్తితో పొరలు పొరలుగా విడదీయాలి. పొర ఎంత పలచన అయితే అంత సరుకు. పిల్లల వేళ్ళకు ఆ పని బాగా వస్తుంది.

షెడ్డులో పనిచేసే పెంచలమ్మ ఆ రోజే కాలనీకి వచ్చి మొత్తుకుంది. "అది బడి పని కాదయ్యా, మా పని. మా కడుపు మీద కొట్టి మీ పిలకాయల చేత ఉత్త పుణ్యానికి చేయించుకుంటాడు. పంపబాకండి."

ఆమెను వెనక్కు పంపింది హెబ్రోనే. కాలనీలో చదువుకున్నవాడు అతనొక్కడే, అందుకని అతని మాటే మాట. హెబ్రోను చిన్నప్పుడు మిషన్ బడి దూరమని వాళ్ళమ్మ అతన్ని బౌద్ధ సన్యాసుల మఠంలో బడికి పంపింది. దేవుడు వేరైనా అక్షరం అక్షరమేరా అంది. ఆ బడిలో ఫీజు లేదు. పిల్లలే నీళ్ళు మోస్తారు, ఊడుస్తారు, గురువు బట్టలు ఉతుకుతారు, వీధిలో అన్నం అడుక్కొస్తారు. అలా కొలిస్తేనే చదువు అబ్బుతుందని అక్కడ పెద్దా చిన్నా అందరి నమ్మకం. బర్మాలో గురువును 'సయా' అంటారు, తల్లిదండ్రులతో సమానంగా మొక్కుతారు.

"చదువు చెప్పే ఆయనకి పని చేసి పెట్టడం తప్పా అమ్మా? మేం అట్నే చదువుకున్నాం," అని చెప్పి పెంచలమ్మను పంపేశాడు. నలభై ఆరుగురు పిల్లల్ని దగ్గరుండి షెడ్డుకు తోలాడు. తన వంతుగా సోమవారం సోమవారం నరసయ్య పొయ్యికి పుల్లలు మోశాడు. గొర్రెల్ని కసాయి దగ్గరికి నడిపించినవాడు కాపరే అయితే ఆ గొర్రెలు ఎవరికి మొరపెట్టుకోవాలి?

"హెబ్రోనుగారూ."

తలెత్తాడు. ప్రేమలీల టీచరు నిలబడి ఉంది. గూడూరు నుంచి వచ్చిన క్రైస్తవ పిల్ల, ఇంకా ఉద్యోగం పర్మినెంటు కాలేదు. పొద్దున రెండు గంటలు బర్మా పిల్లలకు చదువు చెప్పేది ఆమే. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఆర్నెల్లకే పిల్లలు తెలుగు గడగడా చదివేస్తున్నారు. మామూలు తరగతుల్లో కలపండని అప్పుడే అడిగినాను. బెంచీలు లేవన్నాడు. ఎనిమిదో తరగతి హాజరు పట్టీలో మీ వాళ్ళ పేర్లు ఒక్కటీ లేవు. పైకి పంపిన రిపోర్టు నేను చూసినాను. 'బర్మా బాలురకు గ్రహణశక్తి తక్కువ, చేతిపనికి మాత్రమే పనికివచ్చెదరు' అని రాసినాడు. మీరే సంతోషంగా షెడ్డుకు పంపుతున్నట్టు కూడా రాసినాడు."

హెబ్రోను గోడ పట్టుకొని లేచాడు. "నా కూతురు?"

"శుక్రవారం లోపల గూడూరు బడుల ఇన్‌స్పెక్టరాఫీసుకు పేర్లు చేరాలి. చేరకపోతే ఇంక ఈ జన్మకు ఆ పిల్లకి షెడ్డే. పదిహేనేళ్ళు దాటితే ఈ బడిలో ఉంచుకోరు కూడా."

ఆమె వెళ్ళిపోయింది. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని సామెత. ఈ అయ్యవారు పొరపాటున చెయ్యలేదు, కావాలని చేశాడు. దిద్దుకోవలసిన తప్పు హెబ్రోనుది.

మంగళవారం సందకాడ కాలనీలో తాటాకుల ప్రార్థన పాక కిక్కిరిసింది. బర్మా కుటుంబాలు ఒక పక్క కూర్చున్నాయి. షెడ్డు ఆడవాళ్ళూ, ఊరవతల పాళెం నుంచి వచ్చిన గని కూలీలూ ఇంకో పక్క నిలబడ్డారు. రెండేళ్ళుగా ఒకే దుమ్ము పీలుస్తున్నా ఆ రెండు గుంపులూ ఒకచోట చేరడం అదే మొదలు. మధ్యలో ఆదెయ్య నిలబడ్డాడు. గనిలో రాయి తొలిచే మనిషి. సంఘం పెట్టినందుకు రెండుసార్లు గూడూరు సబ్‌జైలు కూడు తిన్నాడు.

"ముందు ఈయన్ని మాట్లాడనీండి," అన్నాడు ఆదెయ్య.

హెబ్రోను లేచాడు. ఏం చెప్పాలో పొద్దున్నుంచీ కూడదీసుకున్నాడు గానీ ఒక్కటీ గుర్తులేదు. "తప్పు నాది," అన్నాడు. "పంపమని మీ అందరికీ చెప్పింది నేను. అది బడి అనుకున్నాను."

"అనుకున్నావు!" పెంచలమ్మ ముందుకొచ్చింది. "రెండేళ్ళ కింద నీ వాకిట్లో నిలబడి చెప్పలా నేను? మీ పిలకాయలు షెడ్డెక్కినాక మా యాభైమందిలో ఇరవైమందిని పొమ్మన్నాడు. నా వదిన కొడవలూరు పక్క నాట్లకు పోయి ఆడనే పాము కరిచి సచ్చింది. ఇప్పుడు నీ బిడ్డకి పరీక్ష లేదంటే మేం రావాలా? మా వోళ్ళు సచ్చినప్పుడు మీరు యాడుండారు?"

"నా కొడుకు వేలు తెగి చీము పట్టింది, అదేమన్నా మీ సొమ్మా?" బర్మా వైపు నుంచి రెబెక్కమ్మ లేచింది. "మాకేమన్నా తెలిసి చేసినామా?"

"తెలవదంట! దేశాలు తిరిగొచ్చినోళ్ళకి తెలవదంట!"

అరుపులు లేచాయి. ఎవరో పొండి అన్నారు, ఎవరో మీ దేశానికే పొండి అన్నారు. ఆ మాటతో బర్మా వైపు ముసలివాళ్ళు తలలు దించుకున్నారు. పాక బయట గంగులయ్య మేస్త్రీ ఒకడు బీడీ తాగుతూ నిలబడి అంతా వింటున్నాడు. వాడి మొహంలో సంతోషం ఆదెయ్య చూశాడు.

"పెంచలక్కా," అన్నాడు ఆదెయ్య నెమ్మదిగా. "ఆ పదకొండు పేర్లల్లో మన పాళెం పేరు ఎన్ని ఉండాయి?"

పెంచలమ్మ లెక్కపెట్టను వేలు మడవబోయి ఆగిపోయింది.

"ఒక్కటీ లేదు. మనం బర్మా పోలేదు కదా, మనకి తెలుగు వచ్చు కదా. మన పిలకాయలు ఎందుకు లేరు?"

"నా కూతురు మూడో తరగతిలోనే మానేసిందిగా."

"ఎందుకు మానేసింది?"

"నీళ్ళ కుండ ముట్టుకుందని నరసయ్య కొట్టినాడు. ఆ పైన పోనంటే పోనని కూర్చుంది."

"అప్పుడు నరసయ్య ఏమన్నాడు?"

పెంచలమ్మ కొంగు బిగించి దోపుకుంది. "పాళెపోళ్ళకి చదువు అబ్బదు అన్నాడు."

"ఈళ్ళకి ముక్కు చూపించి అన్నాడు, మనకి కులం చూపించి అన్నాడు. మాట మటుకు ఒకటే. పొమ్మనలేక పొగబెట్టే రకం. చదువు అబ్బని పిలకాయలు ఉంటేనే గంగులయ్య షెడ్డుకి చేతులు. మీరిట్నే ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకోండి. ఆ బయట బీడీ తాగే ఆయన పోయి మంచి కబురు చెప్తాడు."

అందరూ బయటికి చూశారు. మేస్త్రీ బీడీ పారేసి గమ్మున నడిచిపోయాడు.

ఆ సాయంత్రం తేల్చుకున్నది ఇదీ. గురువారం పిల్లలెవ్వరూ షెడ్డుకు పోరు, ఎనిమిదో తరగతి గదిలో పోయి కూర్చుంటారు. షెడ్డు ఆడవాళ్ళు కత్తి ముట్టరు. గని మగవాళ్ళు దిగరు. పెంచలమ్మ సరేనని మాత్రం అనలేదు. పోతూ పోతూ రెబెక్కమ్మ కొడుకు చెయ్యి పట్టుకొని వేలు చూసింది. "పసుపు పెట్టలేదా మే?" అని కసిరి పోయింది.

బుధవారం పొద్దుగూకే వేళకు కాలనీలోకి జీపు వచ్చింది. ఎలక్షన్ల కాలం కాబట్టి జీపు నిండా కాగితాలూ జెండాలూ ఉన్నాయి. గంగులయ్య దిగి తిన్నగా హెబ్రోను పాక ముందుకు వచ్చి కుక్కిమంచం మీద కూర్చున్నాడు. ఆయన అరిచే రకం కాదు. అరిచినా బాగుండేది.

"ఏమబ్బా హెబ్రోనూ, నీ కూతురు బలే తెలివైందంట కదా. అయివారు తొందరపడి అన్నాళ్ళే. పన్నెండో పేరు నీ కూతురిది రాయిస్తాను."

హెబ్రోను చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"రేపు మిగతా పిలకాయలు ఎప్పట్లానే షెడ్డుకి వస్తే చాలు. నీ మాట వింటారు గదా వీళ్ళు." గంగులయ్య పాకలన్నీ ఒకసారి కలియజూశాడు. "ఈ స్థలం కలెక్టరు కాళ్ళావేళ్ళా పడి ఇప్పించినాను. మీ శరణార్థి కార్డులు నా బీరువాలో భద్రంగా ఉండాయి. బర్మాకి తిరిగి పోలేరు, ఈడ కార్డు లేకపోతే ఈ దేశం వోళ్ళూ కారు. ఎలక్షన్లప్పుడు గలాటా అంటే పోలీసోళ్ళు ఊరుకోరబ్బా. ఆలోచించుకో."

"అట్నే అయ్యా," అన్నాడు హెబ్రోను.

ఆ మాట అతని నోటి నుంచే వచ్చింది. దాచుకోవడానికి వీల్లేదు. జీపు పోయింది. కూతురు నర్సు కావడం, తెల్ల గౌను, గూడూరు ఆస్పత్రి మెట్లు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మిగతా నలభై అయిదుగురూ ఆ క్షణంలో అతనికి గుర్తు రాలేదు.

పాకలో కరుణ సూదితో వేళ్ళలోని అభ్రకం ముక్కలు తీసుకుంటోంది. తండ్రి చెప్పింది విని, తలెత్తకుండా అడిగింది.

"నాయనా, హాజరు పట్టీలో రెండేళ్ళుగా నా పేరు లేదు కదా. గూడూరులో హాజరేదంటే ఏం చూపిస్తారు?"

హెబ్రోను ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"పేరు రాస్తారు. ఆడ కొట్టేస్తారు. ఆ లోపల రేపు అయిపోద్ది, ఎల్లుండి అయిపోద్ది. మేమందరం మళ్ళీ షెడ్డులో ఉంటాం. ఆయన నీకు ఇచ్చింది ఏందీ?" సూది పక్కన పెట్టింది. "అందరి పేర్లూ పట్టీలో ఎక్కించి, అందరికీ రెండేళ్ళ హాజరు ఉందని ఒప్పుకుంటేనే నా పేరు నిలబడేది. నా ఒక్కదానిదీ నిలబడదు నాయనా. అది లెక్క." మళ్ళీ సూది అందుకుంటూ, "అమ్మ ఉంటే నిన్ను కడిగేసుండేది," అంది.

హెబ్రోను చీకటి పడుతుండగానే పాళెం పోయాడు. ఆదెయ్య ఇంటి ముందు పెంచలమ్మా ఇంకో నలుగురూ ఉన్నారు. వాళ్ళ ముందే చెప్పాడు, "గంగులయ్యకి అట్నే అన్నాను" అని. పెంచలమ్మ తుపుక్కున ఉమ్మేసింది.

"అడుసు తొక్కేదెందుకు, కాలు కడిగేదెందుకు?" అంది. "చెప్పుకోను వచ్చినావు కాబట్టి బతికిపోయినావు. నీ కూతురు చెప్పింది ఇంకోసారి చెప్పు, సరిగ్గా వినాలి."

హాజరు సంగతి విన్నాక ఆదెయ్య ప్రేమలీల టీచరుకు కబురు పెట్టాడు. ఆమె వచ్చి గడపలో నిలబడి, చేతిలోని నోటుబుక్కు ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక చాలాసేపు తడబడింది. రెండేళ్ళుగా ప్రతి పొద్దూ బర్మా పిల్లల హాజరూ మార్కులూ ఆమె సొంతంగా రాసుకున్న పుస్తకం అది. "ఇది బయటికొస్తే నా ఉద్యోగం పోద్ది," అంది. ఎవరూ ఇవ్వమని అడగలేదు. చివరకు పుస్తకం ఇవ్వకుండానే, "నేనే తెస్తాను గూడూరుకు," అని వెళ్ళిపోయింది. గురువారం బడిలో కూర్చోవడం, శుక్రవారం పిల్లల్ని వెంటబెట్టుకొని అందరూ గూడూరు నడవడం అని నిర్ణయమైంది. ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టి, గ్రహణశక్తి ఉందో లేదో మీరే లెక్క ఇచ్చి చూడండి అనాలి.

గురువారం బడిగంట కొట్టేసరికి ఎనిమిదో తరగతి గది నిండిపోయింది. బెంచీలు రైతుల పిల్లలవి. నలభై ఆరుగురూ నేల మీద కూర్చున్నారు. వాకిట్లో షెడ్డు ఆడవాళ్ళు యాభైమంది దాకా. పనిలో ఉన్నవాళ్ళూ, పని పోయినవాళ్ళూ. పెంచలమ్మ తన కూతుర్ని కూడా లాక్కొచ్చి, "కూర్చోవే, నువ్వు ఎనిమిదో తరగతి కాకపోతే మూడు. కూర్చో," అని నేల మీద కూలేసింది. ప్రేమలీల టీచరు నల్లబల్ల మీద లెక్క రాసింది. అంకె ఒక్కటీ వంకర పోలేదు. నరసయ్య అరిచాడు, బెత్తం బల్ల మీద కొట్టాడు. ముందు బెంచీ కుర్రాడొకడు లేచి, "అయివారూ, గమ్మునుండండి, లెక్క తప్పిపోతుండాది," అన్నాడు.

షెడ్డులో ఆ రోజు కత్తి కదల్లేదు. గనుల దగ్గర గాలి తప్ప ఇంకేం చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం మంచిది కాదని అందరికీ తెలుసు.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. బడికి రాలేదు, కాలనీకి వచ్చారు. షెడ్డులో సరుకు పోయిందని హెబ్రోను పాక సోదా చేశారు. కాన్‌స్టేబులు లోపలికి పోయేటప్పుడు చంకలో ఉన్న మూట, బయటికొచ్చేటప్పుడు చేతిలో ఉంది. మూటలో కాకిబంగారం. కబురు విని బడి నుంచి తండ్రి వెంట పరుగెత్తుకొచ్చిన కరుణ చూస్తూనే ఉంది. "అది మీరు తెచ్చిందే," అంది. సబ్ఇన్‌స్పెక్టరు ఆ పిల్ల మొహం ఎగాదిగా చూసి, "నేపాళం పిల్లా ఇది?" అని నవ్వాడు. హెబ్రోనుకు సంకెళ్ళు వేశారు. పోతూ, రేపు అయిదుగురు కలిసి రోడ్డెక్కితే లాఠీలు ఉండవని, తుపాకులే ఉంటాయని చెప్పి పోయారు. సాయంత్రం బడిగంట కొట్టే లోపలే బడి కమిటీ ప్రేమలీల టీచరును ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పొమ్మంది.

శుక్రవారం పొద్దున ఔట్‌పోస్టు నుంచి హెబ్రోనును గూడూరు కోర్టుకు జీపులో ఎక్కించారు. వెనక ఇద్దరు కాన్‌స్టేబుళ్ళు, ముందు సబ్ఇన్‌స్పెక్టరు. ఒళ్ళంతా కమిలిపోయింది. కూర్చోవడానికి లేదు, ఆనుకోవడానికి లేదు. అతని బాధ మాత్రం దెబ్బల్ది కాదు. ఎవరూ రారని అతనికి తెలుసు. తుపాకులన్నాక ఎవరొస్తారు? కార్డులు లేని జనం తన వాళ్ళు. ఒక ఓడ ఎక్కి అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు, ఇంకోసారి పోగొట్టుకోలేరు. ఇక పాళెం వాళ్ళు ఎందుకొస్తారు, వాళ్ళకేం బాకీ? ఈ రోజు దాటితే పేర్ల కాగితం మూసేస్తారు. కరుణ వేళ్ళే అతనికి కనపడుతున్నాయి. పదిహేనేళ్ళకు, ఇరవై ఏళ్ళకు, నలభై ఏళ్ళకు, అవే వేళ్ళు.

నిమ్మతోటల మలుపు తిరిగాక జీపు నెమ్మదించింది. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"ఏందిరా అది?" అన్నాడు సబ్ఇన్‌స్పెక్టరు.

హెబ్రోను మెడ సాచి చూశాడు. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జనం. వీపులే కనపడుతున్నాయి. లుంగీలు కట్టిన బర్మా ముసలివాళ్ళు, గోచీలు బిగించిన గని కూలీలు, షెడ్డు ఆడవాళ్ళు. ఎవరు ఎవరో విడదీసి చెప్పలేనట్టు కలిసిపోయి నడుస్తున్నారు. రెబెక్కమ్మ కొడుకు పెంచలమ్మ చంకలో ఉన్నాడు. వాడి వేలికి పసుపు గుడ్డ. ముందెక్కడో ప్రేమలీల టీచరు నల్ల గొడుగు, ఆమె గుండెకు హత్తుకున్న నోటుబుక్కు. ఆమె పక్కన కరుణ.

"యాడికి పోతుండారు వీళ్ళంతా?" పక్కన కాన్‌స్టేబులు నోరు తెరిచాడు.

"బడికి," అన్నాడు హెబ్రోను.

హారను మోగుతూనే ఉంది. కొందరు వెనక్కి తిరిగి చూశారు. జీపులో ఉన్నది హెబ్రోను అని చూశారు. ఆదెయ్య చెయ్యెత్తాడు. దారి మాత్రం ఎవ్వరూ ఇవ్వలేదు. జీపు వాళ్ళ వెనకే మనిషి నడకన పాకింది.

అప్పుడు ఎదురుగా, గూడూరు వైపు నుంచి, దుమ్ము లేచింది. పోలీసు వ్యాను. జనం కూడా చూశారు. నడక ఒక్క క్షణం తడబడింది. ముసలివాళ్ళెవరో ప్రభువా అన్నారు. ఒక పిల్ల ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు మిగతా పిల్లలకు అంటుకోబోతుండగా కరుణ గొంతు లేచింది. నినాదం కాదు. ఆ పిల్లకు నినాదాలు రావు.

"పదమూడొకట్ల పదమూడు!"

నలభై ఆరు గొంతులు అందుకున్నాయి. "పదమూడొకట్ల పదమూడు!"

"పదమూడు రెండ్ల ఇరవై ఆరు!"

ఈసారి పెంచలమ్మ కూతురు అంది. పెంచలమ్మ అంది. ఆమెకు ఇరవై ఆరు రాయడం రాదు, చూస్తే గుర్తుపట్టడం రాదు. చంకలో పిల్లాడు చెప్పింది చెప్పినట్టు గట్టిగా అంది. ఆమెను చూసి షెడ్డు ఆడవాళ్ళు, వాళ్ళను చూసి గని మగవాళ్ళు. బడి గడప తొక్కనివ్వని నోళ్ళన్నీ ఒక్కసారి ఎక్కం చదివాయి. నడక మళ్ళీ సాగింది. జీపులో హెబ్రోను సంకెళ్ళ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని వాళ్ళతోపాటు పెదవులు కదిపాడు. నోరు మూయరా అని కాన్‌స్టేబులు మోచేత్తో పొడిచాడు. గట్టిగా చదివాడు.

వ్యాను రోడ్డుకు అడ్డంగా ఆగింది. మనుషులకూ వ్యానుకూ మధ్య నిమ్మచెట్టు నీడంత దూరం మిగిలింది.

పదమూడు పదుల నూట ముప్పై దగ్గరికి వచ్చేసరికి వ్యాను వెనక తలుపు తెరుచుకుంది. కరుణ పద్నాలుగో ఎక్కం మొదలుపెట్టింది.